పిడికెడు గోధుమపిండి

జొన్నరొట్టె కొట్టడం నెల రోజుల్లో వస్తుంది. చేతికి ఒడుపు చిక్కాలంటే ఏడాది పడుతుంది. "ఇందులో ఏం కలిపినవ్?" అని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం నాకు ఆ పనిలో చేరిన మూడేళ్ళకు గానీ రాలేదు. అది వచ్చేలోపల ఒక పిల్ల నా వల్ల మంచం పట్టింది, చేయని తప్పుకు దెబ్బలు తిన్నది. ఆ సంగతి దాచిపెట్టి రొట్టెల గురించి ఎన్ని చెప్పినా అవి కోతలే అవుతాయి.

నా పేరు సత్తెమ్మ. మాది కొత్వాల్‌గూడ. 2008లో, ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాదే, శంషాబాద్ రోడ్డు మీద పనివాళ్ళ కోసం పెట్టిన ఒక క్యాంటీన్‌లో రొట్టెల పొయ్యి దగ్గర చేరాను. 2014లో మణికట్లు మొరాయిస్తే మానేశాను. అక్కడ కూరలు వండే బాలమణి నాకు చెల్లెలి లెక్క. ఆమె కోడలు ఇప్పుడు ఇలాంటి పనిలోనే చేరుతోందట, తోడు ఇంకో ఇద్దరు ఆడపిల్లలట. "అక్కా, నీకెరుకైంది జర వాళ్ళకు రాసియ్యరాదు" అని బాలమణి ఒక నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. నాది ఏడో తరగతి చదువు. అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, తప్పులు అంతకన్నా పెద్దవి. సర్దుకుని చదవండి.

పెనం దగ్గర

ఇంట్లో అయితే పూటకు ఎనిమిది రొట్టెలు చేసి చేతులు దులుపుకునేదాన్ని. క్యాంటీన్‌లో పొద్దున పీట ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా నడుము ఎత్తే పని లేదు. బస్సు డ్రైవర్లు, లోడర్లు, ఊడ్చేవాళ్ళు, గేటు కాడ నిలబడేవాళ్ళు, అందరూ అక్కడే తినేవారు. అన్నానికి ఒక వరస, చపాతీలకు ఒక వరస, జొన్నరొట్టెకు ఒక వరస. మొదటి వారంలో నా వరసలో పదిమంది కూడా లేరు. ఆర్నెల్లకు నా వరసే అన్నిటికన్నా పొడుగైంది. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ గొప్పే తర్వాత నన్ను తిన్నది.

నేర్చుకోవలసింది ఎక్కువేమీ లేదు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. పట్టించి పది రోజులు దాటిందంటే ఉన్న కాస్త జిగురూ పోతుంది. అందుకే పిండి తాజాగా ఉండాలి. నీళ్ళు కళపెళా మసలాలి. ఆ నీళ్ళు పిండిలో పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడికి రాగానే అరచేతి మొదలుతో బాగా పిసకాలి. పీట మీద పొడిపిండి చల్లి ముద్దను తిప్పుతూ కొట్టాలి. చపాతీ కర్ర ముట్టుకోకండి, అది జొన్నరొట్టెకు అచ్చిరాదు.

పెనం మీద నీళ్ళ చుక్క చిందించి చూడండి. చిందులేసి మాయమైతే పెనం కాగినట్టు. ఒకేచోట కూర్చుని ఉడికితే ఇంకా ఆగాలి. రొట్టెను పొడిపిండి వైపు పైకి ఉండేలా వేసి తడిగుడ్డతో తుడవాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. తొందరపడితే పెనానికి అంటుకుంటుంది, ఆలస్యం చేస్తే పగుళ్ళిస్తుంది. నూనె చుక్క కూడా అక్కర్లేదు.

మా మేనేజరు ప్రసాదరావు గారు గోదావరి వైపు మనిషి. మంచివాడే, కానీ చాదస్తం. ఒక స్టీలు మూత చేత్తో పట్టుకుని తిరిగేవారు. దాన్ని రొట్టె మీద బోర్లించి కొలత సరిపోయిందా లేదా చూసేవారు.

"సత్తెమ్మగారూ, ఈ అంచు చూడండి, ఎలా పగిలిందో. తనిఖీకి వచ్చినవాళ్ళు ఇదేం రొట్టె అంటారండీ."

"సార్, జొన్నరొట్టె అంచు పగులుతది. పగలకుంటె అది జొన్నరొట్టె కాదు" అన్నాను మొదట్లో.

ఆ మాట మీద నేను నిలబడి ఉంటే ఇవాళ ఈ నోటుబుక్కు అవసరం ఉండేది కాదు.

యూసుఫ్ భాయ్ నాలుగు రొట్టెలు

యూసుఫ్ భాయ్ స్టాఫ్ బస్సు డ్రైవరు. ఇల్లు శంషాబాద్‌లోనే ఒక గల్లీలో. నేను చేరిన మరుసటి ఏడాది ఒక మధ్యాహ్నం నా ముందు నిలబడి, పళ్ళెం చాపకుండా నా చేతులకేసే చూస్తున్నాడు.

"ఏంది భాయ్, రొట్టె కావాల్నా, ఫోటో కావాల్నా?" అన్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

"అక్కా, నీ రొట్టెల గోధుమలు గిట్ల ఏమన్న కలుస్తయా?"

"జొన్నరొట్టెల గోధుమలెందుకు కలుస్తయి? మా నాయిన జొన్నలు పండిచ్చినోడు. నన్నే అడుగుతున్నవా?"

ఆ రోజు నేను చెప్పింది నిజం.

అప్పుడు ఆయన చెప్పాడు. ఏడేళ్ళ కూతురు, పేరు అఫ్రీన్. కడుపుబ్బరం, విరేచనాలు. చేతులు పుల్లల్లా అయిపోయాయి, ఏడాదిగా ఎత్తు పెరగలేదు. ఎన్నో దవాఖానలు తిరిగాక పట్నంలో ఒక డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఈ పిల్లకు గోధుమ జన్మలో పడదు, ముక్క కూడా పెట్టొద్దు అని తేల్చింది. అన్నం పెట్టొచ్చు. కానీ వాళ్ళింట్లో అందరూ కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చుని నడుమ ఉన్న రోటీలు తుంచుకుంటుంటే, ఈ పిల్ల ఒక్కతే అన్నం పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చేదట.

"అందరి లెక్క తుంచుకొని తింట అంటది అక్కా. మా షాహీన్‌కు జొన్నరొట్టె చేసుడు రాదు. ఎన్నిసార్లు చేసినా పీట మీదనే పలుగుతున్నది."

షాహీన్ అంటే ఆయన భార్య. ఆ రోజు నాలుగు రొట్టెలు తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చాను. తర్వాత రోజూ ఇచ్చాను. మూడు నెలలు గడిచాక ఒక పొద్దున బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, రెండు కిలోలు పెరిగింది!" అని అరిచాడు. ఆ పిల్ల నా రొట్టెను 'మేరీ రోటీ' అంటుందట, నా రోటీ అని. ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వదట. ఈ మాట క్యాంటీనంతా చెప్పుకుని తిరిగాను. అప్పటికి ఆ పిల్ల ముఖం కూడా చూడలేదు. అయినా నా కడుపున పుట్టిన పిల్ల బాగుపడినట్టే పొంగిపోయాను.

చపాతీల డబ్బా

ఆ తర్వాతి వానాకాలంలో పిండి తెచ్చేవాళ్ళు మారారు. వచ్చే పిండి ఎప్పుడు పట్టించిందో తెలియదు, ముక్కిన వాసన. ఎంత మసిలిన నీళ్ళు పోసినా, ఎంత పిసికినా, రొట్టె పీట మీదే చీలిపోతోంది. చేతిలోకి తీసుకుంటే సగం కింద పడుతోంది. ఒకరోజు వరస తలుపు దాటి బయట వానలో నిలబడింది. "అక్కా, జల్ది" అని అరుపులు. ప్రసాదరావు గారు వచ్చి పీట చుట్టూ పడిన ముక్కలు చూశారు.

"సార్, పిండి పాతది" అన్నాను.

"పిండి సంగతి నేను చూస్తానండీ. మీ చెయ్యి తగ్గుతోందేమో, అది మీరు చూసుకోండి."

చెయ్యి తగ్గిందన్న మాట నా మనసులో ముల్లులా దిగింది. పక్కనే చపాతీల పిండి డబ్బా మూత తీసి ఉంది. పిడికెడు గోధుమపిండి తీసి నా ముద్దలో కలిపేశాను.

రొట్టె నిలబడింది. అంచు నున్నగా వచ్చింది. వరస చకచకా కదిలింది. ప్రసాదరావు గారు మూత బోర్లించి చూసి, "ఇదండీ చెయ్యంటే" అన్నారు. పిండి కొద్దీ రొట్టె అనేది మా అత్త. పిండి చెడిపోయినప్పుడు రొట్టె మంచిగా వచ్చిందంటే అందులో ఏదో మతలబు ఉంటుందని తినేవాళ్ళకు తట్టదు. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత తాజా పిండి వచ్చింది, కానీ నేను ఆ పిడికెడు మానలేదు. మెత్తటి రొట్టె అంటే సత్తక్క రొట్టె అని పేరు పడిపోయింది మరి.

బాలమణి ఒక్కతే చూసింది.

"అక్కా, గా డబ్బా మనది కాదు గదా."

"గోధుమపిండే గదనే, సున్నం కాదు" అన్నాను.

ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నా వరసలో సగం మంది సుగరు ఉందని జొన్నరొట్టెకు వచ్చేవాళ్ళు. వాళ్ళనూ మోసం చేశాను. అది కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను.

అఫ్రీన్ గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. వచ్చింది. మొదటి కొన్ని రోజులు ఆ నాలుగు రొట్టెలకు వేరే ముద్ద కలిపాను, ఉత్త జొన్నపిండితో. పాత పిండి కాబట్టి అవి గుడ్డలోనే ముక్కలయ్యేవి. ఒకరోజు యూసుఫ్ భాయ్ నవ్వుతూనే అన్నాడు.

"అందరికి మంచిగ మెత్తగ ఇస్తున్నవ్, మా బేటీకి ముక్కలు కట్టిస్తున్నవేంది అక్కా? నిన్న తుంచుకోనీకె రాలేదని ఏడ్చింది."

నాకు రోషం పొడుచుకొచ్చింది. మర్నాటి నుంచి ఆ పిల్లకూ పెద్ద ముద్దలోంచే చేసిచ్చాను.

ఎందుకు చేశానంటే, మావైపు 'పడదు' అంటే వంకాయ పడదు, చేప పడదు అన్నట్టు. కాస్త దురద పెడుతుంది, తక్కువ తింటే సరిపోతుంది అనుకుంటాం. ఇంత గంగాళంలో పిడికెడు, అందులో ఆ పిల్ల వంతుకు చిటికెడు కూడా రాదు, దానికి ఏమవుతుంది అనుకున్నాను. ముక్క కూడా పెట్టొద్దని డాక్టరమ్మ అన్న మాట నాకు గుర్తుంది. డాక్టర్లు అట్లాగే భయపెడతారులే అని తోసేశాను.

దసరా ముందు ఆయన మళ్ళీ ఒకసారి అడిగాడు.

"అక్కా, గోధుమలు లేవు గదా?"

"లేవు భాయ్" అన్నాను. తల ఎత్తలేదు, రొట్టె కొడుతూనే ఉన్నాను.

ఒప్పుకోలు

చలికాలానికి యూసుఫ్ భాయ్ మనిషి చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది, హుషారు పోయింది. ఒకరోజు ఖాళీ గుడ్డ నాకిచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"మళ్ళ కడుపు పాడైంది అక్కా. పెరిగిన బరువంత పోయింది. డాక్టరమ్మ ఖూన్ పరీక్ష చేసి, ఈ పిల్ల ఎక్కడనో గోధుమ తింటున్నది, నిగా పెట్టుండ్రి అన్నది."

ఇంట్లో అందరూ ఆ పిల్ల మీద నిఘా పెట్టారట. ఆయన తల్లి బిస్కెట్ల డబ్బాను అల్మారాలో పెట్టి తాళం వేసింది. బడిలో వేరే పిల్లల టిఫిన్ల దగ్గరికి పోనివ్వొద్దని టీచరుకు చెప్పి వచ్చారు. ఎంత అడిగినా ఆ పిల్ల ఒకటే మాట, నేను తినలేదు, అల్లా మీద ఒట్టు అని.

"అబద్ధం చెప్తున్నదని కొట్టిన అక్కా. ఎన్నడు దాని మీద చెయ్యి లేపనోన్ని, కొట్టిన."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఆ రోజు నాలుగు రొట్టెలు ఉత్త జొన్నపిండితో చేసి ఇచ్చాను. ఇక నుంచి సరిగ్గా చేసిస్తే పిల్ల బాగవుతుంది, ఎవరికీ తెలియకుండా అంతా సర్దుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదే నేను చేసింది. కాకపోతే కాలినవి నా చేతులు కావు.

పది పన్నెండు రోజులు అట్లా గడిపాను. ఒక మధ్యాహ్నం యూసుఫ్ భాయ్ నా తెల్లగుడ్డను ఉతికి మడత పెట్టి తెచ్చి ఇచ్చాడు.

"ఇగ రొట్టెలు వద్దక్కా."

"ఎందుకు భాయ్?"

"ముట్టుకుంటలేదు. ఎవ్వరితోని మాట్లాడుతలేదు. మొన్న మల్ల గట్టిగ అడిగినం, అప్పుడు ఒప్పుకున్నది. దాదీ డబ్బాలకెల్లి బిస్కెట్లు దొంగతనం చేసి తిన్న అని ఒప్పుకున్నది." ఆయన ఊపిరి వదిలాడు. "మనసు జర నిమ్మలమైంది అక్కా. కారణం తెలిసింది గద."

చేయని దొంగతనాన్ని ఆ పిల్ల ఒప్పుకుంది. తండ్రి నమ్మి నిమ్మళించాడు. ఉతికిన గుడ్డ పట్టుకుని నేను నిలబడ్డాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మూత పట్టుకుని తిరిగిన మేనేజరుకు కొంత, పాత పిండి తెచ్చినవాళ్ళకు కొంత, చూసి ఊరుకున్న బాలమణికి కొంత పంచుదామని చూశాను. ఎంత పంచినా నా వాటా తగ్గలేదు.

ఆ ఇంట్లో

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక యూసుఫ్ భాయ్ ఇంట్లోనే ఉంటాడని తెలుసు. సెలవు పెట్టి వెళ్ళాను. షాహీన్ నన్ను చూసి సంబరపడింది, చాయ్ పెడతానని లేచింది.

"వద్దు బిడ్డా. ముందుగాల నా మాట విను. చాయ్ పొయ్యాల్నో వద్దో ఆయెనక నువ్వే చూడు."

అఫ్రీన్ గోడవార మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఆ పిల్లను నేను చూడటం అదే మొదలు. తొమ్మిదో ఏడు నడుస్తోంది, చూస్తే ఆరేళ్ళ పిల్ల. కళ్ళ కింద నల్లటి గుంటలు. పక్కన బిస్కెట్ల డబ్బా ఉన్న అల్మారాకు తాళం వేలాడుతోంది. ముందు ఈ పిల్లకే చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. మంచం పక్కన కింద కూర్చున్నాను.

"బిడ్డా, నువ్వు బిస్కెట్లు తినలే. నాకెరుక. నీ రొట్టెల నేనే గోధుమపిండి కలిపిన. వానాకాలం సంది కలుపుతున్న. మీ అబ్బూ అడిగితె లేదని అబద్ధం చెప్పిన. నువ్వు నిజమే చెప్పినవ్."

తలుపు దగ్గర కూర్చున్న యూసుఫ్ భాయ్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన నా వైపు చూడలేదు, కూతురి వైపు చూశాడు.

"నేను చెప్పిన గద అబ్బూ" అంది అఫ్రీన్.

"మరి తిన్న అని ఎందుకు ఒప్పుకున్నవ్ బేటా?"

"తిన్న అంటె కొట్టుడు బంద్ చేస్తరని."

యూసుఫ్ భాయ్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. గుమ్మానికి కట్టిన పరదా అవతల నిలబడి ఏడుస్తుంటే ఇంట్లో ఉన్న మా అందరికీ వినిపించింది.

షాహీన్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండును.

"నా చేతులతోని తుంచి పెట్టిన" అంది. "కడుపు నొస్తున్నది అమ్మీ, వద్దు అంటె, నీ రోటీ కాదా, తిను బేటా అని నోట్ల పెట్టిన. ఇగ పో అక్కా. మల్ల మా గల్లీల కనవడకు."

లేచి వచ్చేశాను. కొత్వాల్‌గూడ ఆటో ఎక్కడ ఎక్కానో, ఎక్కడ దిగానో కూడా నాకు తెలియదు.

గిన్నెల దగ్గర నెల రోజులు

పైవాళ్ళ గురించి రాయమంటే అందరూ తిట్లే రాస్తారు. ప్రసాదరావు గారి గురించి నేను అట్లా రాయలేను. శనివారం పొద్దున ఆయన గదికి పోయి అంతా చెప్పాను. ఆయనకూ సుగరు ఉంది. రోజూ మధ్యాహ్నం నా రొట్టెలే రెండు తెప్పించుకునేవారు. ఆ స్టీలు మూతను బల్ల మీద అటూ ఇటూ జరిపారు.

"నేనూ అదే తింటున్నానుగా, సత్తెమ్మగారూ" అన్నారు.

"మీరు అంచు పగలొద్దన్నరు గద సార్" అని నా నోటి నుంచి వచ్చేసింది. సిగ్గులేని మాట.

"అన్నాను. అది నా తప్పు. కలిపింది మీరు, అది మీ తప్పు. రెండూ కలిపేసి బరువు తగ్గించుకోవద్దండీ."

నన్ను రొట్టెల పొయ్యి నుంచి తీసేసి నెల రోజులు గిన్నెలు తోమడానికి పెట్టారు. ఎదురు చెప్పలేదు. ఆ నెలలో తోమిన గిన్నెల్లో ఆయన మూత కూడా ఉంది, కొలవడం మానేసి దాన్ని పప్పు గిన్నె మీదకు ఇచ్చేశారు. నేను తిరిగి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి జొన్నరొట్టెల వరస ముందు ఒక బోర్డు పెట్టించి ఉంది. 'వీటిలో జొన్నపిండి తప్ప ఇంకేమీ లేదు. అంచులు పగులుతాయి' అని రాసి ఉంది. జొన్నరొట్టెకు పెనం వేరు, పీట వేరు, తడిగుడ్డ వేరు చేశారు. వరస సగమైంది. ఎక్కువమందికి ఆ మెత్తటి రొట్టే కావాలి మరి. ఆ సగం వరసకే నేను చివరిదాకా రొట్టెలు చేశాను.

బాలమణి ఆ రోజుల్లో ఒకటే మాట అంది. "ఆనాడే నీ చెయ్యి పట్టి ఆపాల్సింది అక్కా." ఈ నోటుబుక్కు తెచ్చింది అందుకేనేమో, నేను అడగలేదు.

చెయ్యి నేర్పమన్నారు

ఎండాకాలం మొదట్లో యూసుఫ్ భాయ్ మళ్ళీ నా ముందు నిలబడ్డాడు. మూడు నెలలుగా బస్సు నుంచి దిగి నేరుగా అన్నం వరసకే పోయేవాడు, నా వైపు చూసేవాడు కాదు.

"అఫ్రీన్ మంచిగైతున్నది" అన్నాడు. అక్కా అనలేదు. "కానీ మల్ల రోటీ అడుగుతున్నది. నీ రొట్టెలు వద్దంట. షాహీన్ నిన్ను ఇంటికి రమ్మన్నది, చెయ్యి నేర్పనీకె."

ఆదివారం నా పెనం, పీట సంచిలో వేసుకుని వెళ్ళాను. షాహీన్ తలుపు తీసింది. పొయ్యి ముట్టించి పక్కకు జరిగింది. నేను చేతులు కడుక్కుని పిండి ముందు కూర్చోబోతుంటే అఫ్రీన్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆంటీ, చేతులు చూపియ్యి."

రెండు చేతులూ చాపాను. తిప్పి చూసింది. పిడికిలి మూసి తెరవమంది. వేళ్ళ సందులు కూడా చూసింది. ఏమీ లేదని తేల్చుకున్నాక పక్కన కూర్చుంది. యాభై దాటినదాన్ని, తొమ్మిదేళ్ళ పిల్ల ముందు చేతులు చాపి కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ పిల్లకు ఆ హక్కు ఉందని నాకు తెలుసు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేర్పడానికి పోయాను. మొదటి నెలలోనే అఫ్రీన్ మళ్ళీ భయపెట్టింది. రెండు రోజులు కడుపునొప్పి అంది. ఏం తప్పు జరిగిందా అని జొన్నలు పట్టించిన పిండి గిర్నికి పోయి నిలబడ్డాను. మా సంచికి ముందు ఎవరివో గోధుమలు పడుతున్నాయి. అదే రాయి, అదే గొట్టం.

"జర్రంత కలుస్తది అక్కా, గంతకు ఏమైతది?" అన్నాడు గిర్ని అతను.

ఆ మాట నాదే. అతన్ని ఏమని తిడతాను? ఇంటికి పోయి, మూలన పడి ఉన్న మా అత్త ఇసుర్రాయిని కడిగి, ఆటోలో వేసుకుని వాళ్ళింటికి చేర్చాను. ఆ రోజు షాహీన్ నాకు చాయ్ పోసింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలారా, నేను చెప్పగలిగింది ఇదే. ఎవరైనా ఫలానాది పడదు అంటే ఎందుకు, ఎంత అని మీరు లెక్కలు వేయకండి. కలిపితే కలిపానని చెప్పండి, తెలియకపోతే తెలియదని చెప్పండి. రొట్టె ముక్కలైతే సిగ్గుపడకండి, పిండి బాగాలేదని నలుగురిలో గట్టిగా చెప్పండి. చెయ్యి తగ్గిందని ఎవరైనా అంటే అననివ్వండి. ఆ ఒక్క మాట పడలేక నేను చేసిన పని మీకు చెప్పాను కదా.

ఆదివారాలు వెళ్ళడం మానలేదు. షాహీన్‌కు చెయ్యి వచ్చింది, తర్వాత అఫ్రీన్‌కూ వచ్చింది. నేను క్యాంటీన్ మానేసిన వారం కూడా వెళ్ళాను. అఫ్రీన్ అప్పటికి తల్లి భుజం దాటింది. కింద కూర్చుని ఇసుర్రాయి తిప్పుతోంది, చున్నీ అంచుకు పిండి అంటింది. మణికట్లు నొప్పిగా ఉన్నా ఆ ఒక్క పూట నేనే చేస్తానన్నాను. చేతులు కడుక్కుని, అలవాటుగా ఆ పిల్ల ముందు చాపాను.

షాహీన్ నవ్వింది. "ఇంక ఎన్ని దినాలు బేటా? అక్క మీద నీకు నమ్మకం రాలేదా?"

"నమ్మకం ఉంది అమ్మీ" అంది అఫ్రీన్. "అయినా చూస్త."

చూసింది. అటూ ఇటూ తిప్పి, వేళ్ళ సందులు కూడా చూసింది. తర్వాత పిండి గిన్నె నా ముందుకు జరిపింది.